నేలకున్న ఇబ్బంది

మార్ల్‌క్రీక్ టౌన్‌షిప్‌లో ఎవరో ఒకరు ఫిర్యాదు చేసేదాకా ఏదీ తప్పు కాదు. పెరట్లో తుప్పుపట్టిన పడవ ఏళ్ల తరబడి పడి ఉండొచ్చు. కంచె పక్కవాళ్ల స్థలంలోకి ఒరిగి ఉండొచ్చు. గ్యారేజీలో ఒకాయన ఊళ్లోవాళ్ల గడ్డికోత మిషన్లన్నీ బాగుచేసి నాలుగు డాలర్లు సంపాదించుకుంటూ ఉండొచ్చు. ఎవరి స్థలంలో ఏది ఎక్కడిదాకా కట్టొచ్చో చూసే జోనింగ్ ఇన్‌స్పెక్టర్ వెండెల్ ఆమ్‌స్టట్జ్ వాటి పక్కనుంచే కారులో పోతూ చెయ్యి ఊపేవాడు. ఫిర్యాదు వచ్చిన రోజున మాత్రం టేపు పట్టుకుని దిగాల్సిందే. ఇరుగుపొరుగు ఓర్చుకున్నంతకాలం సర్కారు కూడా ఓర్చుకోవాలని, ఇంతకన్నా పెద్ద చట్టం తనకు తెలియదని, కొత్తగా ఇల్లు కొన్నవాళ్లకు చెబుతుండేవాడు.

ఆ సోమవారం అతను ఆఫీసుకు వచ్చేసరికి గుమాస్తా లోయిస్ కాఫీ కాస్తోంది. టౌన్‌షిప్ ఆఫీసంటే రెండు గదులు. వాటిని ఆనుకుని ఫైరింజను షెడ్డు, వెనక చలికాలం రోడ్లమీద చల్లే ఉప్పు గుట్ట. టౌన్‌షిప్‌ను నడిపే ముగ్గురు ట్రస్టీలూ సాయంత్రాలు మాత్రమే వస్తారు గనక పగలంతా అక్కడ ప్రభుత్వమంటే లోయిసే.

"ఒకటొచ్చింది," అంది వెనక్కి తిరక్కుండా.

"మళ్లీ కోళ్లా?"

"కోళ్లు కాదు. కార్వర్ రోడ్డులో ర్యాంపు. రోడ్డు వైపుకి మరీ ముందుకొచ్చేసిందట."

కప్పు అందుకోబోయిన వెండెల్ చెయ్యి ఆగిపోయింది. కార్వర్ రోడ్డులో ఉన్నది ఒకటే ర్యాంపు. ఆగస్టు చివర్లో ఒక శనివారం తనే రంపం కింద పలకలు పట్టుకున్నాడు. గోళ్ల సందుల్లో రంపపు పొట్టు పోవడానికి రెండు రోజులు పట్టింది.

"మిస్ ఓపల్ ఇంటిదా? ఎవరు చేశారు?"

"పేరు చెప్పలేదు. నేనడగలేదు."

"ఆడా, మగా?"

"ఫిర్యాదు చేసినవాళ్ల సంగతి బయటపెట్టకూడదని గోడకి కాయితం అంటించిందెవరు వెండెల్?"

"నేనే."

"మరి?" లోయిస్ అతని కప్పులో చక్కెర వేసి కలిపింది. అతను చక్కెర వేసుకోడని ఆమెకు తెలుసు. ఆమె పరధ్యానాన్ని అతను అప్పుడు గమనించలేదు.

*

కార్వర్ రోడ్డుకు కాలిబాట లేదు. తెల్లగీత, దాని పక్కన వాన కాలవ, కాలవ దాటితే పచ్చిక. కార్లు జుయ్యిమని పోతుంటాయి. మిస్ ఓపల్ ఇంటి ముందు కొత్త పైన్ చెక్క ఇంకా పసుపు రంగులోనే మెరుస్తోంది. ర్యాంపు గుమ్మంలోంచి బయల్దేరి, ఒకసారి మలుపు తిరిగి, చర్చి వ్యాన్ ఆగే చోటు దాకా నేరుగా వచ్చింది. వాలు మరీ నిటారుగా ఉండకూడదని గోర్డీ పట్టుబట్టి పొడుగు పెంచాడు. ఆ పొడుగే ఇప్పుడు పీకలమీదికి తెచ్చింది.

వెండెల్ మోకాళ్లమీద కూర్చుని టేపు చివర మేకుకు తగిలించి కొలిచాడు. మళ్లీ కొలిచాడు. రోడ్డు పక్కన ఖాళీగా వదలాల్సిన జాగాలోకి ఏడడుగులు వచ్చేసింది.

తలుపు తెరుచుకుంది. మిస్ ఓపల్ రెన్నర్ చక్రాల కుర్చీలో, పాత స్కూలు బస్సు డ్రైవర్ల జాకెట్టు వేసుకుని కూర్చుని ఉంది. ఆ చుట్టుపక్కల నలభై దాటని ప్రతివాణ్నీ ఆమె బస్సులో బడికి తీసుకెళ్లింది. షుగరు ముదిరి ఎడమకాలు మోకాలి కిందికి తీసేశారు. కుర్చీ మీద ఒక పక్కకు ఒరిగి కూర్చునే తీరు మాత్రం బస్సు అద్దంలోంచి అల్లరిపిల్లల్ని చూస్తున్నట్టే ఉంటుంది.

"కొలిచావా?"

"కొలిచాను మిస్ ఓపల్."

"ఎంత ముందుకొచ్చింది?"

"కొంచెం."

"నీ కొడుకూ బస్సులో ఇలాగే నసిగేవాడు. ఎంతో చెప్పు."

"ఏడడుగులు."

"అబ్బో! ఏడడుగులే! అయితే తీసెయ్యాల్సిందేగా?"

ఆమె గొంతులో బెంగ లేదు. ఈ వయసులో ఎంత గుండెధైర్యం అనుకున్నాడు వెండెల్. అతని కళ్లు చెమర్చాయి.

"తీసెయ్యనివ్వం. మినహాయింపు అడగొచ్చు. బోర్డువాళ్లు ఐదుగురు కూర్చుని విచారిస్తారు. అందరం వస్తాం."

"నేనేమీ అడగలేదే."

"మీరడగక్కర్లేదు. మేం చూసుకుంటాం."

ఆమె కాసేపు అతని టేపు వైపు చూసింది. తర్వాత కుర్చీని సగం వెనక్కి తిప్పింది. "కాఫీ తాగుతావా? వంటింట్లోకి రా. వెనక తలుపు దగ్గర ఈ వేళప్పుడు ఎండ బాగుంటుంది."

"ఇంకో రోజు వస్తాను. ముందు ఈ పని చూడాలి," అని టేపు చుట్టుకుంటూ కారు దగ్గరికి నడిచాడు.

*

ఆ ర్యాంపు కట్టింది శనివారపు సుత్తులు. చర్చిలో రిటైరైన మగవాళ్లందరూ కలిసి పెట్టుకున్న జట్టు పేరది. విధవరాళ్ల ఇంటి కప్పులు, ముసలివాళ్ల మెట్లు, విరిగిన కిటికీలు, అన్నీ ఉచితం. జట్టుకు పెద్ద గోర్డీ ఫిస్టర్. జీవితమంతా నీళ్ల పంపులు అమ్మినవాడు కావడంతో పక్కన మనిషి ఉన్నా పంపు సెట్టు చప్పుడును మించి మాట్లాడతాడు.

"టిబ్బెట్స్!" అన్నాడు సంగతి వినగానే. "ఇంకెవడు? పక్కింట్లో ఉన్నది వాడేగా!"

రస్ టిబ్బెట్స్ ఆ వేసవి మొదట్లో క్లీవ్‌లాండ్‌నుంచి వచ్చి ఇల్లు కొన్నాడు. వారానికి రెండుసార్లు గీత గీసినట్టు పచ్చిక కోస్తాడు. ఒకసారి ఆఫీసుకు వచ్చి కంచె ఎన్నడుగుల ఎత్తు ఉండొచ్చునని అడిగాడు.

"అడుగులు లెక్కపెట్టేవాడు ఈ రోడ్డులో వాడొక్కడే," అన్నాడు గోర్డీ.

"ఎవరో నాకు తెలీదు గోర్డీ. తెలిసినా చెప్పను."

"చెప్పకపోవడంలోనే తెలిసిపోయింది."

"తెలీదంటున్నానుగా."

"సర్లే, నువ్వు ఆఫీసరువి. నీ మర్యాద నీది." గోర్డీ భుజం తట్టాడు. ఆ తట్టడంతో వాదన ముగిసిపోయింది. వెండెల్ గట్టిగా కాదనలేదు. కాదనడానికి అతని దగ్గర వేరే పేరు లేదు.

బుధవారం ఇద్దరూ కలిసి దరఖాస్తు పట్టుకుని మిస్ ఓపల్ ఇంటికి వెళ్లారు. గోర్డీ భార్య పంపిన చికెన్ నూడుల్స్ క్యాసరోల్ ఒళ్లో పెట్టుకుని ఆమె కాగితం వైపు చూసింది. గోర్డీ అన్నీ నింపేశాడు. ఫీజు చర్చి కడుతుంది. సంతకం ఒకటే మిగిలింది.

"ఇది పెట్టకపోతే ఏమవుతుంది?"

గోర్డీ చిన్నపిల్లతో నవ్వినట్టు నవ్వాడు. "పెట్టకపోతే ర్యాంపు పోతుంది! మీరు ఇంట్లో చిక్కుపడిపోతారు. మేమంతా మీ వెనక ఉన్నాం మిస్ ఓపల్."

"నాకు మీరంతా ముందే కనబడుతున్నారు," అంది ఆమె.

గోర్డీ పడీపడీ నవ్వాడు. ఆమె పెన్ను చాలాసేపు గాల్లోనే పట్టుకుంది. క్యాసరోల్ గిన్నె ఇంకా వేడిగా ఉందేమో, ఒళ్లో సర్దుకుంది. చివరికి ఇంటికి వచ్చిన పార్సిలుకు సంతకం పెట్టినట్టు గిలికి కాగితం ఇచ్చేసింది.

*

పేపర్లో ప్రకటన వెయ్యాలి, చుట్టుపక్కల ఇళ్లకు ఉత్తరాలు పంపాలి, చట్టం అడిగినన్ని రోజులు ఆగాలి. అలా విచారణ అక్టోబరులో పడింది. ఈలోగా కార్వర్ రోడ్డులో అందరూ రస్ టిబ్బెట్స్‌కు చెయ్యి ఊపడం మానేశారు. కారులో ఎదురైతే స్టీరింగు మీద వేళ్లు రెండు ఎత్తడం అక్కడ అలవాటు. ఆ రెండు వేళ్లూ లేవలేదు. ఒక రోజు పొద్దున అతని వాన కాలవలో ఎవరో మేపుల్ ఆకులు గుట్టగా పోసి వెళ్లారు.

ఊరి ఫైరింజను దళం వాళ్లు పందిమాంసంతో పెట్టే హామ్ విందుకు టిబ్బెట్స్ భార్యతో కలిసి వచ్చాడు. పొడుగాటి బల్ల చివర ఇద్దరే కూర్చున్నారు. బల్లకు ఈ చివర్నించి ఆ చివరిదాకా కుర్చీలు ఖాళీ. వెండెల్ ప్లేటు పట్టుకుని నిలబడ్డాడు. వాళ్ల దగ్గరికి వెళ్లి కూర్చోవాలనుకున్నాడు. "ఇటు రావోయ్!" అని గోర్డీ కేక వేశాడు. గోర్డీ వైపే వెళ్లాడు. ప్రార్థన చెప్పేటప్పుడు తల వంచాడు గానీ ఆ రోజు ఏం ప్రార్థించాడో అతనికే తెలియలేదు.

విచారణ రోజున పొద్దున భార్య మర్నా టోస్టుకు వెన్న రాస్తుంటే వెండెల్ చట్టం పుస్తకం ముందేసుకున్నాడు.

"చూడు దీని సంగతి. మినహాయింపు ఇవ్వాలంటే ఇబ్బంది నేలకుండాలట. స్థలం వాలుగా ఉందనో, కింద బండ ఉందనో, వంకరగా ఉందనో చెప్పాలి. మనిషికి కాలు లేదన్నది లెక్కలోకి రాదు."

"అదేం చట్టం?"

"మనుషులు ఇవాళుంటారు, రేపు ఇల్లు అమ్ముకుని పోతారు. నేల అలాగే ఉంటుంది. అందుకని."

"దేవుడు మనిషిని చేసింది మట్టితోనేగా. ఆ మాట చెప్పు వాళ్లకి."

వెండెల్ నవ్వాడు. మర్నా టోస్టు అతని ముందు పెట్టి, "ఇంతకీ ఓపల్ ఏమంటోంది?" అంది.

"ఏమంటుంది? పాపం, మొహమాటపడుతోంది."

బోర్డు వాళ్లు వెయ్యబోయే ప్రశ్న అతనికి తెలుసు. ముందు స్థలం చాలకపోతే వెనక కట్టొచ్చుగా అంటారు. దానికి జవాబు జిల్లా ఆఫీసునుంచి తెచ్చిన పాత నక్షాలో దొరికింది. ఇంటి వెనక ఒక చిన్న చదరం, దాని మీద 'సెప్టిక్ ట్యాంకు' అని రాసి ఉంది. ట్యాంకు మీద స్తంభాలు దింపకూడదు. అది నేలకున్న ఇబ్బందే. వెళ్లి ఒకసారి చూడాలనుకున్నాడు. కానీ ఆ పగలంతా ట్రస్టీలకు ఉప్పు టెండరు కాగితాలు సిద్ధం చెయ్యడంతోనే సరిపోయింది. వెళ్లలేదు.

*

జనం ఎక్కువ వస్తారని ఫైరింజన్ని బయటికి తీసి షెడ్డులోనే కుర్చీలు వేశారు. ఆయిలు వాసన, కాఫీ వాసన కలిసిపోయాయి. ఒక మూల బల్లమీద ఆడవాళ్లు పీనట్ బటర్ ఉండలు, గుమ్మడి రొట్టె పెట్టారు. జెండాకు ఎదురుగా గుండె మీద చెయ్యి పెట్టుకుని అందరూ ప్రతిజ్ఞ చెప్పారు. మిస్ ఓపల్ని గోర్డీయే వ్యాన్‌లో తీసుకొచ్చి ముందు వరసలో ఉంచాడు.

అధ్యక్షురాలు ఫేయ్ క్రౌస్ ముప్పయ్యేళ్లు పియానో నేర్పిన మనిషి. ఎవరైనా మూడు నిమిషాలకు మించి మాట్లాడితే ఊరుకోదు. కోడిపెట్ట బొమ్మలా ఉన్న వంటింటి టైమరు బల్లమీద పెట్టుకుంది. మాట్లాడదలచిన వాళ్లంతా లేచి కుడిచెయ్యి ఎత్తి, నిజమే చెబుతామని ప్రమాణం చేశారు. వెండెల్ కూడా ఎత్తాడు.

"ఒక సంగతి చెప్పాలి. ఈ ర్యాంపు కట్టినవాళ్లలో నేనూ ఉన్నాను," అన్నాడు.

"ఈ ఊళ్లో దానికి మేకు కొట్టనివాళ్లు ఎవరున్నారు వెండెల్? కొలతలు చెప్పు," అంది ఫేయ్.

చెప్పాడు. ఏడడుగులు. బోర్డు సభ్యులు ఐదుగురూ నక్షా మీదికి వంగారు.

"వెనక ఎందుకు కట్టకూడదు?"

"వెనక సెప్టిక్ ట్యాంకు ఉంది. దానిమీద బరువు పడకూడదు."

ఫేయ్ ముఖం తేటపడింది. "అదీ మాట. నేలకున్న ఇబ్బంది," అని కాగితం మీద రాసుకుంది. పక్కనున్న సభ్యులు కుర్చీల్లో వెనక్కి ఆనుకున్నారు. పని అయిపోయిందని అందరికీ తెలిసిపోయింది. వెండెల్ కూడా వచ్చి కూర్చున్నాడు. నాలుక మీద ఎందుకో చేదు తగిలింది. ఆఫీసు కాఫీయేననుకున్నాడు.

తర్వాత ఒకరి వెంట ఒకరు లేచారు. మిస్ ఓపల్ మంచు తుఫానులో బస్సు ఆపి పిల్లల్ని తన ఇంట్లో పడుకోబెట్టిన సంగతి ఒకామె చెప్పి ఏడ్చింది. పాస్టరు బైబిల్లోంచి రెండు వాక్యాలు చదివాడు. చివరికి గోర్డీ లేచాడు.

"ఊళ్లో కొందరున్నారు. వాళ్లకి వాళ్ల పచ్చిక తప్ప ఇంకేదీ కనబడదు. కాలు లేని మనిషి గుమ్మం దిగుతుంటే వాళ్లకి కళ్లు మండుతాయి. వాళ్లెవరో నేను చెప్పను. వెనక వరసలో కూర్చున్నారు."

తలలన్నీ ఒక్కసారి వెనక్కి తిరిగాయి. ఎవరో నవ్వారు. కోడిపెట్ట గణగణమంది.

వెనక వరసలో రస్ టిబ్బెట్స్ లేచి నిలబడ్డాడు. చేతిలో టోపీ మెలిపెడుతున్నాడు.

"నేను కూడా ప్రమాణం చేశాను. ర్యాంపు ఉండాలని చెప్పడానికే వచ్చాను. నేను ఫిర్యాదు చెయ్యలేదు."

"మరి ఎవరు చేశారట, ఉడతలా?" అన్నారెవరో. మళ్లీ నవ్వులు.

"నా భార్య కొట్టుకి వెళ్లడం మానేసింది. ఇప్పుడు పాలకి కూడా పక్క ఊరికి పోతోంది," అన్నాడు టిబ్బెట్స్. ఇంకేదో అనబోయి ఆగిపోయి కూర్చున్నాడు. అతని మూడు నిమిషాల్లో చాలా భాగం మిగిలే ఉంది. టైమరు టిక్కుటిక్కుమంటూనే ఉంది.

మిస్ ఓపల్ చెయ్యి పైకి లేచింది.

"నాకూ మూడు నిమిషాలేనా ఫేయ్?"

"మీరు ఎంతసేపైనా మాట్లాడండి మిస్ ఓపల్."

"అక్కర్లేదు. నీ కోడిని తిప్పు." ఆమె కుర్చీని జనం వైపు తిప్పుకుంది. "ఫిర్యాదు చేసింది నేను."

 తలుపు దగ్గర లోయిస్ నేల చూస్తూ నిలబడి ఉంది. వెండెల్ ఆమె వైపు చూశాడు. ఆమె తల ఎత్తలేదు.

గోర్డీ గొంతు సవరించుకున్నాడు. "మిస్ ఓపల్, కొత్త మందులు వాడుతున్నారుగా, కాస్త..."

"గోర్డీ, వాళ్లు తీసేసింది నా కాలు. తల కాదు."

ఒకరిద్దరు నవ్వబోయి మానేశారు.

"రస్ ఏ పాపమూ ఎరగడు. ఆయన కాలవలో ఆకులు పోసినవాళ్లు రేపు పొద్దున్నే ఎత్తెయ్యండి. ఎవరని నేనడగను." ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుంది. "నేను ఆస్పత్రినుంచి వచ్చిన రోజున మీరంతా పచ్చిక మీద నిలబడి చప్పట్లు కొట్టారు. ర్యాంపుకి బుడగలు కట్టారు. ఒక్కొక్కరి చొక్కా చెమటకి తడిసిపోయి ఉంది. అలాంటప్పుడు వద్దని ఎట్లా చెప్పను? మొహానికి చేతులు అడ్డం పెట్టుకున్నాను. సంతోషంతో ఏడుస్తున్నాననుకున్నారు మీరు."

"మరి..." అంది ముందు వరసలో ఒకామె.

"మరి అది నన్ను ఎక్కడికి తీసుకెళ్తుంది? రోడ్డు మీదికి. అక్కడ నడవడానికి దారి లేదు. మీ వ్యాన్ వచ్చేదాకా ఆ చివర కూర్చోవాలి. ఆదివారం చర్చి, మంగళవారం డాక్టరు. పోయేవాళ్లంతా చెయ్యి ఊపుతారు. మిగతా రోజులు నేనేం చెయ్యాలి? నా పెరడు వెనకుంది. బట్టలారేసే తీగె వెనకుంది. వంటింటి తలుపు బయట మూడు మెట్లున్నాయి. నాకు కావలసింది ఆ మూడు మెట్లు దిగడం. అంతే. వచ్చినప్పట్నుంచీ పెరటిని కిటికీలోంచే చూస్తున్నాను. టమాటాలు మొక్కల మీదే కుళ్లిపోయాయి."

"మమ్మల్ని అడగొచ్చుగా మిస్ ఓపల్," అన్నాడు గోర్డీ. అతని గొంతు మొదటిసారి మామూలు మనిషి గొంతులా వినిపించింది.

"అడిగితే మీ మనసు నొచ్చుకుంటుంది. టౌన్‌షిప్ వద్దంటే ఎవరి మనసూ నొచ్చుకోదు. తిట్లు తినడం దానికి అలవాటేగా. ముందున్నది తీసెయ్యమంటారు, మీరు పాపమని వెనక కడతారు, అందరూ సుఖంగా ఉంటారు అనుకున్నాను. మీరిలా నాకోసం పోట్లాడతారనుకోలేదు. పొరుగాయన మీద పడతారని అసలే అనుకోలేదు. అది నా తప్పు. రస్, నన్ను క్షమించు."

టిబ్బెట్స్ తల ఊపాడు. మెలిపడిన టోపీ అతని చేతిలోంచి జారిపోయింది.

"ఇంకొకటి. ట్యాంకు వెనకే ఉంది, నిజమే. పెరటికి ఆ చివర, మేపుల్ చెట్టు అవతల. వంటింటి తలుపుకి దానికీ సంబంధం లేదు."

వెండెల్ లేచి నిలబడ్డాడు. ఎవరూ అతన్ని పిలవలేదు.  ఎత్తిన కుడిచెయ్యి ఇంకా దిగనట్టే అనిపించింది.

"నేను అక్కడికి వెళ్లి చూడలేదు ఫేయ్. కాగితం మీద గీత చూసి చెప్పాను. ప్రమాణం చేసి, చూడనిది చూసినట్టు చెప్పాను. ఆ మాట కొట్టెయ్యి."

ఫేయ్ తను రాసుకున్న వాక్యం మీద అడ్డంగా గీత గీసింది. "అయితే దరఖాస్తు వెనక్కి తీసుకుంటారా మిస్ ఓపల్?"

"వద్దు. వెనక్కి తీసుకుంటే రేపు ఎవరో మళ్లీ నింపి పట్టుకొస్తారు. మీరే కాదనండి."

ఐదుగురూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. జాలిపడి ఇవ్వడం వాళ్లకు తెలుసు, కోప్పడి కాదనడమూ తెలుసు. ఇది రెండూ కాదు. ఒక్కొక్క చెయ్యే లేచింది. ఫేయ్ చెయ్యి అందరికన్నా ఆలస్యంగా లేచింది. ఐదు. ర్యాంపు తీసెయ్యాలి.

ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కుర్చీలు మడుస్తున్న చప్పుడు మధ్య వెండెల్ వెనక వరస దగ్గరికి వెళ్లి చెయ్యి చాపాడు.

"ఇప్పుడా?" అన్నాడు టిబ్బెట్స్.

"ముందే రావాల్సింది. హామ్ విందు రోజునే."

టిబ్బెట్స్ ఆ చేతివైపు చూసి, అందుకున్నాడు. గట్టిగా కాదు.

*

శనివారం సుత్తులన్నీ వచ్చాయి. టిబ్బెట్స్ కాలవలో ఆకులు లేవు. ఎవరు ఎత్తారో ఎవరూ చెప్పుకోలేదు. గోర్డీ ట్రక్కు దిగి ర్యాంపు ముందు నిలబడి, తను కొట్టిన మేకుల్ని తానే పీకడం మొదలుపెట్టాడు. ఒక్కొక్క మేకూ కీచుమని బయటికొస్తుంటే అతను పళ్లు కొరుక్కుంటున్నాడు.

"మనం చేసింది మంచేగా వెండెల్?"

వెండెల్ ఊడిన పలకను పక్కకు లాగాడు. "మంచే," అన్నాడు. "కానీ మంచి చేసినవాళ్లకి కాదని చెప్పడానికి ఒక మనిషి సర్కారు సాయం తెచ్చుకోవాల్సొచ్చింది గోర్డీ. అది ఎందుకొచ్చిందో నాకు అంతు చిక్కడం లేదు."

"మనం అడగాల్సింది," అన్నాడు గోర్డీ, పలకతో చెబుతున్నట్టు.

వెండెల్ ఇంటిని చుట్టి వెనక్కి నడిచాడు. అటువైపు అతను రావడం అదే మొదటిసారి. మూడు మెట్లు. ఒకదాని అంచు విరిగి ఉంది. తీగె మీద బట్టల క్లిప్పులు ఎండకు వెలిసిపోయి వరసగా ఉన్నాయి. వంటింటి తలుపు తట్టాడు.

"తెరిచే ఉంది!"

అతను లోపలికి వెళ్లలేదు. గుమ్మం బయటే నిలబడ్డాడు. "మిస్ ఓపల్, ఎటు వైపుకి తిప్పమంటారు?"

ఆమె కుర్చీ గుమ్మం దాకా వచ్చి ఆగింది. చాలాసేపు పెరటివైపు చూసింది. అతను తొందరపెట్టలేదు.

"కుడివైపుకి. గ్యారేజీ పక్కనుంచి. అటైతే పొద్దుటి ఎండ పడుతుంది, మంచు తొందరగా కరుగుతుంది."

"మలుపు దగ్గర చెయ్యి పట్టుకోడానికి కర్ర కావాలా?"

"వద్దు. అడ్డం."

"సరే," అని వెండెల్ పెన్సిలుతో గోడ మీద గుర్తు పెట్టాడు. "ఇక్కడా?"

"ఇంకాస్త ఇటు. ఆఁ, అక్కడ."

పాత చెక్కే మళ్లీ పనికొచ్చింది. మేకుల కన్నాలు కనబడతాయని ఒకాయన గొణిగాడు. కనబడనివ్వమంది ఆమె. పని సగంలో ఉండగా రస్ టిబ్బెట్స్ సొంత డ్రిల్లు పట్టుకుని కంచె దగ్గర నిలబడ్డాడు.  గోర్డీ జరిగి తన పక్కన చోటు చేశాడు. "ఈ పలక పట్టుకో. వంకర రాకూడదు. నీకు వంకర అంటే గిట్టదుగా," అన్నాడు. టిబ్బెట్స్ ముఖం మీద ఒక చిన్న నవ్వు కనబడీ కనబడనట్టు వచ్చి పోయింది.

మధ్యాహ్నానికి అయిపోయింది. అలవాటు ప్రకారం మగవాళ్లంతా టోపీలు తీసి, చేతులు దులుపుకుని, ర్యాంపు కింద రెండు వైపులా నిలబడ్డారు. ఒకాయన ఫోను తీసి ఫొటోకి సిద్ధం చేశాడు. మిస్ ఓపల్ మెల్లగా చక్రాలు పట్టుకుని దిగింది. కింద ఆగలేదు. వాళ్ల మధ్యనుంచే పచ్చిక మీదికి వెళ్లిపోయింది. ఫొటోలో ఆమె వీపు పడింది.

నాలుగు గజాలు వెళ్లాక ఒక చక్రం మెత్తటి నేలలో దిగబడింది. ఆమె ముందుకు వంగి తోసింది. కదల్లేదు. మళ్లీ తోసింది. జాకెట్టు భుజం దగ్గర బిగిసింది. గోర్డీ ఒక్క అంగలో ముందుకు కదిలాడు. వెండెల్ అతని చొక్కా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"అడగలేదు," అన్నాడు మెల్లిగా.

అందరూ చూస్తూ నిలబడ్డారు. ఊరుకోవడం అంత కష్టమైన పనని అప్పటిదాకా వాళ్లలో ఎవరికీ తెలియదు. ఆమె కుర్చీని వెనక్కి లాగి, పక్కకు తిప్పి, ఇంకో దారి చూసుకుంది. చక్రం బురద చిమ్ముకుంటూ పైకి వచ్చింది. ఆమె గ్యారేజీ మూల తిరిగి కనబడకుండా పోయింది.

"ఎంతసేపు ఉంటుందో?" అన్నాడు గోర్డీ.

"ఏమో," అన్నాడు వెండెల్. వంగి కింద పడిన మేకులు ఏరడం మొదలుపెట్టాడు. ఒక్కొక్కరే రంపాలు, పెట్టెలు ట్రక్కులోకి ఎక్కించారు. గ్యారేజీ వెనకనుంచి మిస్ ఓపల్ ఎవర్నో గట్టిగా తిడుతున్న గొంతు వినిపించింది. పిల్లినో, కలుపు మొక్కనో. ఎవరూ చూడ్డానికి వెళ్లలేదు.